పాట ఎవరిది? పట్టా ఎవరిది?

పోయిన వేసవి సెలవులకు భద్రాచలం వచ్చిన మా మనవడు ఒక మధ్యాహ్నమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని 'కాంట్రా' అనే వీడియో గేమ్ ఆడాడు. ఆ మోత నాకు కొత్తగా అనిపించలేదు. తొంభైలలో వాళ్ళ నాన్న ఇదే ఇంట్లో, తిరునాళ్ళలో కొన్న ఒక చౌక యంత్రాన్ని టీవీకి తగిలించి, పసుపుపచ్చ క్యాసెట్టు దూర్చి ఇదే ఆట ఆడేవాడు. ఆ యంత్రం నకలు, ఆ క్యాసెట్టూ నకలే. మనవడి దగ్గరున్నది మాత్రం డబ్బు కట్టి దింపుకున్న అసలు సరుకు. 1987లో వచ్చిన ఆటను జపాన్‌లోని కొనామి కంపెనీ 2019లో మరికొన్ని పాత ఆటలతో కలిపి సంపుటంగా కట్టి మళ్ళీ అమ్మకానికి పెట్టింది.

"ఈ డబ్బు ఎవరికి పోతుందిరా?" అన్నాను.

"కంపెనీకి తాతయ్యా."

"మరి ఆట చేసినవాళ్ళకు?"

"వాళ్ళెవరో ఎవరికి తెలుసు?" అని వాడు మళ్ళీ తుపాకి పేల్చుకోవడంలో పడిపోయాడు.

అప్పటికి వారం రోజులుగా నా బల్లమీద ఒక ఒప్పంద పత్రం సంతకం కోసం పడి ఉంది. వాడి జవాబు తిన్నగా ఆ కాగితానికే తగిలింది. ఆ కాగితం దాకా రావడానికి ముందు కొంత దూరం నడవాలి.

వీడియో గేమ్ గురించి విమర్శ పత్రికలో రాయడమేమిటని ముఖం చిట్లించే మిత్రులకు ఒక మాట. పుస్తకం లాగా, పాట లాగా, ఆట కూడా మనుషుల శ్రమలోంచి పుట్టినదే. పైగా, సరుకు మీదినుంచి శ్రమించినవాడి పేరును ఎలా చెరిపేస్తారో ఇంత స్పష్టంగా చూపే రంగం మరొకటి లేదు. 1970ల చివర అమెరికాలో అటారి అనే కంపెనీ, ఆటలు తయారుచేసే ఉద్యోగుల పేర్లు ఎక్కడా వేసేది కాదు. అమ్మకాల్లో వాటా లేదు, జీతమొక్కటే. 1979లో కొందరు విసిగి బయటికి వచ్చి ఆక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. వారన్ రాబినెట్ అనే మరొక ఉద్యోగి వేరే దారి తొక్కాడు. తాను ఒక్కడే తయారుచేసిన 'అడ్వెంచర్' ఆటలో ఎవరికీ కనిపించని ఒక రహస్యపు గది కట్టి, దీన్ని చేసినవాణ్ణి నేనేనని అందులో పేరు రాసి, పైవాళ్ళకు చెప్పకుండా ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. ఆట బజారుకెక్కాక ఒక కుర్రవాడు ఆ గదిని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాస్తేగాని యజమానులకు ఆ సంగతి తెలియలేదు.

2022లో, అటారి యాభయ్యేళ్ళ పండుగ పేరుతో వెలువడిన డిజిటల్ సంపుటంలో 'అడ్వెంచర్' మళ్ళీ అమ్మకానికి వచ్చింది. ఇప్పటి అటారి ఆనాటి అటారి కాదు. ఆ పేరు చేతులు మారి మారి చివరకు ఒక ఫ్రెంచి కంపెనీకి చేరింది. ఆనాడు పనిచేసినవాడూ అక్కడ లేడు, పనిచేయించినవాడూ లేడు. పేరు కొనుక్కున్నవాడున్నాడు. అమ్మిపెట్టే డిజిటల్ అంగడివాడున్నాడు. పెద్ద అంగళ్ళు చాలాకాలంగా నూటికి 30 వంతుల దాకా తీసుకుంటూ వచ్చాయి. కొత్తగా శ్రమ పెట్టకుండా పాత శ్రమమీద మళ్ళీ మళ్ళీ వసూలుచేసుకునే ఈ ఏర్పాటును మన పల్లెల్లో కౌలు అంటారు.

రాబినెట్ రహస్యపు గది గురించి చదవగానే నాకు మన వాగ్గేయకారుల ముద్ర గుర్తుకొచ్చింది. అచ్చు లేని రోజుల్లో, నోటినుంచి నోటికి పోయే పాటలో పేరు నిలుపుకోవడానికి చివరి చరణంలో దాన్ని చెక్కడంకంటే గట్టి ఉపాయం లేదు. పాట ఎత్తుకుపోవచ్చు, ముద్ర తీసేస్తే తాళం కుంటుతుంది. భద్రాచల రామదాసు ముద్ర లేని ఇల్లు ఈ గోదావరి గట్టున ఉండదు.

రామదాసును మనవాళ్ళు భక్తకవి అని పక్కన పెట్టేశారు గాని, నాకు ఆయన మొదట లెక్కలడిగిన కవి. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారై, వసూలైన శిస్తుతో గుడి కట్టించి, తానీషా కాలంలో గోల్కొండ ఖైదులో పన్నెండేళ్ళు మగ్గాడని సంప్రదాయం. ఆ ఖైదులోంచి వచ్చిన ఒక కీర్తనలో, ఎవరికి ఏ నగ చేయించాడో, దేనికెంత పట్టిందో వరసపెట్టి ఏకరువు పెట్టి, ఈ సొమ్ము ఎక్కడినుంచి వచ్చిందో చెప్పమని దేవుణ్ణే దబాయిస్తాడు. (ఆ సొమ్ము రైతుల శిస్తు. ఆ పద్దు గోపన్నగారి లెక్కలో కనిపించదు. అది వేరే వ్యాసం.) మన డిజిటల్ కాలానికి అడగవలసిన ప్రశ్న ఆయన మూడున్నర శతాబ్దాల కిందటే అడిగి పెట్టాడు.

కీర్తనల మీద ఈనాడు ఎవరికీ హక్కు లేదు, ఉండరాదు కూడా. కాని కీర్తన వేరు, కీర్తన పాడిన ధ్వని వేరు. ఆ రెంటి మధ్య సందులోనే వ్యాపారం నడుస్తుంది. విజయవాడ ఆకాశవాణి ద్వారా, రికార్డుల ద్వారా మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో రామదాసు ఇంటింటికీ చేరాడు. చిత్తూరు నాగయ్య 1964లో 'రామదాసు' చిత్రాన్ని తానే నిర్మించి, తానే దర్శకత్వం వహించి, తానే రామదాసు పాత్ర వేశారు. 1973 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆయన ఆర్థికంగా ఎంత చితికిపోయారో తెలుగువాళ్ళందరూ ఎరిగినదే. ఇక మనం హెచ్.ఎం.వి. అని పిలుచుకున్న గ్రామఫోను కంపెనీ సరెగమగా పేరు మార్చుకుని, 2017లో రేడియో ఆకారపు పెట్టెలో పాత పాటలు నింపి 'కారవాన్' పేరుతో అమ్మింది. అందులో కొత్తది పెట్టె ఒక్కటే. అరలో దాచిపెట్టిన గొంతులే పెట్టుబడి.

ఇంత పెద్ద విషయాలు అక్కర్లేదు, మా వీధి సంగతే చెబుతాను. మా భజన బృందం ఒక శ్రీరామనవమికి పాడిన కీర్తనను బృందంలోని కుర్రవాడొకడు యూట్యూబులో పెట్టాడు. రెండు రోజుల్లో ఒక సంగీత కంపెనీ తరఫున హక్కుల దావా వచ్చింది. అక్కడ మనిషి ఎవడూ వినడు. 2007 నుంచి నడుస్తున్న ఒక సరిపోల్చే యంత్రాంగం, కంపెనీలు అప్పగించిన ధ్వనులతో వచ్చిన ప్రతి ధ్వనినీ పోల్చి చూస్తుంది; వరస కలిస్తే చాలు, ప్రకటనల డబ్బు దావా వేసినవాడివైపు తిరిగిపోవచ్చు. అభ్యంతరం చెప్పుకునే వీలుంది. జవాబివ్వడానికి కంపెనీకి ముప్పై రోజుల గడువుంది. మా బృందం పెద్ద గుడిమెట్ల దగ్గర పూలమ్ముకునే మనిషి. ఆ నోటీసు చూసి కేసు అవుతుందేమోనని భయపడి, పాట తీయించేశాడు. రామదాసు కీర్తన భద్రాచలంలో పాడినందుకు!

దావా రాకపోయినా ఒరిగేది ఏమీ లేదు. 2020 నవంబరు నుంచి యూట్యూబు తన వాటా పథకంలో చేరని చిన్నవాళ్ళ వీడియోల మీద కూడా ప్రకటనలు వేసుకునే అధికారం రాసుకుంది. ఆ ప్రకటనల డబ్బులో పాడినవాడికి పైసా లేదు. ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదికి నాలుగు వేల గంటల వీక్షణమో, పొట్టి వీడియోలకు అంతకు మించిన లెక్కో కావాలి. స్పాటిఫై 2024 నుంచి ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకు రాయల్టీ లేదంది. హిందీకి, ఇంగ్లీషుకు వెయ్యి ఒక లెక్కలోది కాదు. కోయ భాషలో పాడే పాటకు అదొక కొండ. ఆ కొండ ఎక్కలేని వేలవేల పాటల చిల్లర అంతా మూటకట్టి కొండ ఎక్కినవాడికే పంచుతారు.

కోయ పాట అన్నాను కనుక ఇక నా కాగితం దగ్గరికి వస్తున్నాను.

1986లో నేను ఒక అరువు టేపు రికార్డరు సంచిలో వేసుకుని వేలేరుపాడు పక్కన గోదావరి ఒడ్డు గూడేలు తిరిగాను. జానపద సాహిత్యాన్ని సేకరించడం అభ్యుదయ రచయిత కర్తవ్యమని మేమంతా గాఢంగా నమ్మిన రోజులవి. బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' మా చేతుల్లో ఉండేది. పదకొండు క్యాసెట్లు నిండాయి. రెండు మూడు వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను, మెప్పు పొందాను. క్యాసెట్లు అటక మీదికి పోయాయి. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు పెరిగినప్పుడు మా ఇంటి అటక కూడా చెమ్మెక్కింది. బూజుపట్టిన టేపులను ఖమ్మంలో చదువుకునే ఒక విద్యార్థి ఓపికగా తుడిచి, ఏడింటిని డిజిటల్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. అతడు మంచి మనసుతో ఆ కబురు నలుగురికీ చెప్పాడు. కబురు ఒక ఆడియో వ్యాపారికి చేరింది. ఒప్పంద పత్రం వచ్చింది.

పత్రంలో 'హక్కుదారు' అన్నచోట నా పేరు ముందే టైపుచేసి ఉంది. 'రచయిత' గడిలో ఏం రాయాలని ఫోనులో అడిగితే, "సాంప్రదాయం అని రాయండి సార్, లేకపోతే జానపదం అనండి, ఏదైనా ఒకటే" అన్నాడు. 'గాయకులు' అన్న గడి కోసం క్యాసెట్టు పెట్టె తిప్పి చూశాను. నా చేతిరాతతోనే ఉంది: "కోయ స్త్రీ, వయస్సు సుమారు 60."

పేరు లేదు. నేను రాసుకోలేదు.

ఇది నా ఒక్కడి పొరపాటు కాదని చెప్పుకుని తప్పించుకోను గాని, మన సంకలనాలు తెరిచి చూడండి. పాట కింద 'సేకరణ' అని ఒక పేరుంటుంది. అది పాడినవారి పేరు కాదు. సేకరించడమంటే ఏరుకోవడం, ఏరుకోవడానికి ముందు అది నేలరాలి పడి ఉండాలి. జానపదం అనే మాట పాటను నేలరాల్చే పని చేస్తుంది. ప్రజలందరిదీ అన్న గౌరవంతో మనం వాడిన మాట, ఎవరిదీ కాదు అన్న అర్థంలో వ్యాపారి గడిలో చక్కగా కూర్చుంది. మన పరిభాష అతనికి ఇంత సులువుగా ఎలా అమరింది? ఈ ప్రశ్నను మన విమర్శ ఇంతవరకు వేసుకోలేదు.

ఎవరిదీ కాదన్నది వాస్తవం కూడా కాదు. కోయల్లో డోలీలు ఏ గట్టువారి ఇలవేల్పు చరిత్ర ఆ గట్టువారికి పాడతారు. ఆ పాటకు సందర్భముంది, అధికారముంది, నేర్చిన వరస ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన పాడిన చరిత్రలకు యజమాని లేడనడం అజ్ఞానం. ఆ యాజమాన్యాన్ని చదవడం మన చట్టానికి రాదు, అంతే.

చట్టానికి ఏం వచ్చో చూద్దాం. 1957 నాటి కాపీరైట్ చట్టం లెక్కలో ధ్వనిముద్రణకు కర్త అంటే పాడినవారు కాదు. ఆ ముద్రణకు పూనుకుని బాధ్యత వహించినవారు. అంటే మీట నొక్కిన నేను. ఆ హక్కు ప్రచురించిన ఏడాది గడిచాక మరో అరవయ్యేళ్ళు. నేను ఇంతవరకు ప్రచురించలేదు కనుక, సంతకం పెట్టి విడుదల చేసిననాటినుంచి ఆ లెక్క మొదలవుతుంది. పాడినవారి హక్కు అన్నది మన చట్టంలోకి 1994 సవరణతో వచ్చి 1995 మేలో అమలైంది. ఆమె పాడింది 1986లో. సినిమా పాటల రచయితలు, సంగీతకర్తలు సైతం 1977 సుప్రీంకోర్టు తీర్పు తరువాత నిర్మాతల ముందు చేతులు కట్టుకుని, 2012 సవరణ దాకా పోరాడితేగాని రాయల్టీలో వాటా దక్కలేదు. వాళ్ళకు పేర్లున్నాయి, సంఘమున్నది, పార్లమెంటులో గొంతున్నది. సుమారు అరవయ్యేళ్ళ కోయ స్త్రీకి ఏమున్నది?

ఇక్కడే మన ఏజెన్సీ మనకు నేర్పిన పాఠం ఒకటుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో జరిగిన సవరణను ఇక్కడ చదువురానివాడు కూడా 1/70 అంటాడు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడినుంచి వచ్చినదేనని ఆ చట్టం ముందే ఊహిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం పట్టుకున్నవాడిది. ఎంతగా తూట్లు పొడిచినా, ఎందరు బినామీలు పుట్టుకొచ్చినా, ఆ ఊహ ఒక్కటి ఈ అడవి అంచున చాలా పొలాలను కాపాడింది. పాటకు 1/70 లేదు. పాట విషయంలో ఊహ తలకిందులుగా ఉంది: నా పెట్టెలో ఉంటే నాది. కాదని రుజువు చేయవలసింది ఆమె. ఆమె లేదు, ఆమె గూడెం కూడా లేదు.

ఈ మాట మా సంఘం సమావేశంలో అంటే ఒక మిత్రుడు తీవ్రంగా ఆక్షేపించాడు. పాట భూమి కాదు, ఒకరు పాడితే మరొకరికి తరగదు; పాటకు కంచె కట్టడమంటే బూర్జువా ఆస్తిభావనను గూడెందాకా మోసుకుపోవడమేనన్నాడు. ఈ ఆక్షేపణలో బలముంది. వీడియో గేమ్‌ల విషయమే చూడండి. 2010కి ముందు అమెరికాలో విడుదలైన పాత ఆటల్లో నూటికి 87 ఈనాడు బజారులో దొరకడం లేదని 2023లో అక్కడి ఆటల చరిత్ర సంస్థ ఒకటి లెక్కతేల్చింది. వాటిని కాపాడుతున్నది ఎక్కువగా చట్టం దొంగలని పిలిచే అభిమానులే. కంచె గట్టిగా ఉంటే సరుకు బతుకుతుందనుకోవడం భ్రమ. తిరునాళ్ళ నకలు క్యాసెట్టు లేకపోతే మా అబ్బాయి ఆ ఆటే ఎరుగడు, వాడి కొడుకు దాన్ని కొనేవాడూ కాదు.

అయినా మిత్రుడు ఒక తేడా చూడలేదు. 1/70 ఎవరినీ ఆ భూమి మీద నడవవద్దనలేదు, కొనవద్దన్నది. నేను అడుగుతున్నదీ అదే. పాడుకోండి, నేర్చుకోండి, నకళ్ళు తీసుకోండి. సర్వహక్కులూ ఒకడి పేరట రాయించుకోవడం మాత్రం చెల్లదనండి. కంచె కట్టేది గూడెం కాదు. అందరిదీ అని లోపలికి వచ్చి, వచ్చాక నాది అని గడియ పెట్టేవాడు కడుతున్నాడు. అతనికి తలుపు తీసి ఇచ్చేవాడు నా వంటి సేకరణకర్త.

పెట్టె మీద గూడెం పేరైనా ఉంది కనుక వెతుక్కుంటూ బయలుదేరాను. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపిన మండలాల్లో వేలేరుపాడు ఒకటి. ఆ గూడెం పోలవరం ముంపుకింద ఖాళీ అయింది. మనుషులను దూరంగా కాలనీలో పెట్టారు, ఒకే కొలత ఇళ్ళు, ఒకే కొలత సందులు. ఇంటికి, చెట్టుకు, బావికి పరిహారం లెక్క కట్టారు. ముగ్గురిని అడిగాక ఆమె మనవరాలు దొరికింది. నలభై దాటిన మనిషి, కూలిపనినుంచి అప్పుడే వచ్చింది. వచ్చిన పని చెప్పి ఫోనులో పాట పెట్టాను. మొదటి రెండు మాటలకే ఆమె చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మా అమ్మమ్మ గొంతు సారూ. ఇది మీ కాడ ఎట్లున్నది?"

చెప్పాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. "ఆ ఫోటో గూడ లేదు మా కాడ" అంది. ఆ తరువాత, "మాకియ్యొచ్చని మీకు తోచలేదా సారూ?" అంది. అందులో నిష్ఠూరం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

పాటను మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. పాటకు ముందు టేపులో కొన్ని మాటలున్నాయి. ఆ ముసలామె కోయలో ఏదో చెప్పబోతుంటే మధ్యలో నా గొంతు, అప్పటి పడుచు గొంతు, "అదంతా వద్దమ్మా, పాట పాడు" అంటుంది. నాకు కోయ రాదు. ఏమంటున్నదమ్మా అని మనవరాలిని అడిగాను.

"తన పేరు చెప్తున్నది. ఈ పాట మా అత్త నేర్పిందని ఆమె పేరు గూడ చెప్పబోయింది. ఈడ మీరు ఆపిండ్రు."

అత్త పేరు మనవరాలికి తెలియదు. పక్క సందులో ఉన్న ఒక ముదుసలిని పిలుచుకొస్తే ఆమె చెప్పింది. ఒప్పంద పత్రం చూపించాను. చదివి వినిపించమన్నారు, వినిపించాను. డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. "ఇది పెండ్లి పాట. దీన్ని యాడబడితే ఆడ ఎయ్యొచ్చో లేదో పెద్దలు కూసొని మాట్లాడాలె. ఊరోళ్ళం మూడు కాలనీల పడ్డం, అందరు కలవాలె" అంది ముదుసలి. ఏడు క్యాసెట్ల పాటలూ మెమరీ కార్డులో ఎక్కించి మనవరాలికి ఇచ్చి వచ్చాను.

వ్యాపారి రెండుసార్లు ఫోను చేశాడు. పెద్దలు ఇంకా కూర్చోలేదని చెప్పాను. ఏ పెద్దలండీ, హక్కుదారు మీరే కదా అన్నాడు. పత్రం బల్ల సొరుగులో ఉంది. క్యాసెట్టు పెట్టె మీది పాత రాత కొట్టేసి ఆమె పేరు, కింద ఆమె అత్త పేరు రాశాను. ఇక్కడ రాయలేదు, అచ్చు వేయవచ్చునా అని వాళ్ళను ఇంకా అడగలేదు.